ఆరెంజ్ పడ్డాక మూడు సెకన్లు

నవంబరు 2, ఆదివారం

మా రిపేరు షాపు రాజమండ్రిలో ఒక నాలుగు రోడ్ల కూడలి మీద, మొదటి అంతస్తులో ఉంది. పద్నాలుగేళ్లుగా ఇన్వర్టర్ బోర్డులు, టీవీ పవర్ సప్లైలు బాగుచేస్తూ, కిటికీలోంచి ఆ సిగ్నల్‌ని చూస్తూనే ఉన్నాను. కీచుమని బ్రేకు చప్పుడు వినగానే చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఆగిపోతుంది, తల అటు తిరుగుతుంది. ఆ చప్పుడు ఎప్పుడు పడితే అప్పుడు రాదు. ఆరెంజ్ పడి రెడ్‌కి మారే ఆ కాస్త సమయంలోనే వస్తుంది.

మా అక్క కొడుకు డిప్లొమా ఆఖరి ఏడాదిలో ఉన్నాడు. ప్రాజెక్టు కావాలని పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. "మావయ్యా, ట్రాఫిక్ లైట్ కిట్ రెడీమేడ్‌గా దొరుకుతుంది. కొనేసి రిపోర్టు రాసేస్తే అయిపోతుంది కదా" అన్నాడు. వద్దన్నాను. మూడు దీపాలు వంతులవారీగా వెలిగించడం పది నిమిషాల పని. ఆ దీపం చూసిన మనిషి ఏం చేస్తాడు, ఎంతసేపట్లో చేస్తాడు అన్నది కొలుద్దాం అన్నాను. కాసేపు కిటికీ దగ్గర నిలబడి కిందికి చూశాడు. ఒక షేర్ ఆటో సగం కూడలిలోకొచ్చి ఆగిపోయింది. పక్కనుంచి గ్రీన్ పడ్డ బైకులన్నీ హారన్లు కొడుతూ దాన్ని చుట్టుకుని వెళ్లాయి. "సరే మావయ్యా" అన్నాడు.

నవంబరు 7, శుక్రవారం

కార్తీక సోమవారం, బుధవారం పౌర్ణమి రెండూ వదిలేశాం. గోదావరి స్నానాలకు వెళ్లే జనంతో రోడ్లన్నీ నిండిపోతాయి, మాకు మామూలు రోజు లెక్క కావాలి. నిన్న, ఇవాళ కలిపి నాలుగు గంటల వీడియో తీశాం.

ఫోనుని కిటికీ ఊచకి కట్టాం. సెకనుకి 30 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేముకి సుమారు 33 మిల్లీసెకన్లు. మొదట తీసిన వీడియో పనికిరాలేదు. ఎల్‌ఈడీ సిగ్నల్ మన కంటికి నిలకడగా వెలుగుతున్నట్టే ఉంటుంది గానీ కెమెరాలో మినుకుమినుకుమంటుంది. ఏ ఫ్రేములో ఆరెంజ్ ఆరిందో, ఏ ఫ్రేములో ఊరికే మినుకుమందో తెలియలేదు. షట్టర్ వేగాన్ని 1/50కి తగ్గిస్తే కుదురుకుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దానికి సరిపోయింది.

వేగం కొలవడానికి వేరే పరికరం ఏమీ కొనలేదు. రోడ్డు పక్క రెండు కరెంటు స్తంభాల మధ్య దూరం టేపు పెట్టి కొలిస్తే సరిగ్గా 30 మీటర్లు. బండి ముందు చక్రం మొదటి స్తంభం దాటిన ఫ్రేము నుంచి రెండోది దాటిన ఫ్రేము దాకా లెక్కపెడితే చాలు. 81 ఫ్రేములు వస్తే 2.7 సెకన్లు, అంటే గంటకి 40 కిలోమీటర్లు. గ్రీన్‌లో రద్దీ లేనప్పుడు పెద్ద రోడ్డు మీద ఎక్కువ బండ్లు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి.

సిగ్నల్ లెక్క ఇలా ఉంది: నాలుగు రోడ్లకీ వంతులు తిరిగి రావడానికి 150 సెకన్లు. ఆరెంజ్ 3 సెకన్లు. మన వైపు రెడ్, పక్క రోడ్డుకి గ్రీన్ ఒకే ఫ్రేములో పడుతున్నాయి. మధ్యలో ఒక్క క్షణం కూడా ఖాళీ లేదు. ఈ ముక్క దగ్గర వీడియో ఆపి, ఇద్దరం మళ్లీ మళ్లీ చూశాం.

నవంబరు 9, ఆదివారం

ఇవాళంతా కాగితం మీద లెక్కలే.

గంటకి 40 కిలోమీటర్లంటే సెకనుకి 11.1 మీటర్లు. ఆరెంజ్ చూసి, బ్రేకు వేయాలనుకుని, చెయ్యి కదిలేసరికి 1 సెకను అనుకుందాం. అప్పటికే 11 మీటర్లు పోయాయి. మంచి బ్రేకులున్న కారు, ఎవరూ ముందుకి పడకుండా ఆగాలంటే ఇంకో 21 మీటర్లు కావాలి. మొత్తం 32. స్టాప్ లైనుకి 32 మీటర్ల కన్నా దూరంలో ఉంటే ఆగగలడు. దగ్గరలో ఉంటే ఆగలేడు, దాటాల్సిందే. 3 సెకన్లలో 33 మీటర్లు వెళ్తాడు కాబట్టి రెడ్ పడేలోగా లైను దాటేస్తాడు. కారు విషయంలో ఒక్క మీటరు తేడాతో లెక్క గట్టెక్కింది.

ఇప్పుడు అదే వేగంతో నిండుగా జనం నిలబడి ఉన్న బస్సు, లేదా పరిమితికి మించి ఎక్కించుకున్న షేర్ ఆటో. అంత గట్టిగా బ్రేకు వేస్తే లోపలివాళ్లు ఒకరి మీద ఒకరు పడతారు. మెల్లగా, ప్రతి సెకనుకీ వేగం సెకనుకి 2 మీటర్ల చొప్పున తగ్గించాడనుకుంటే ఆగడానికి 42 మీటర్లు కావాలి. కానీ 3 సెకన్లలో వెళ్లగలిగేది 33 మీటర్లే. అంటే లైనుకి 33 నుంచి 42 మీటర్ల మధ్య ఉండగా ఆరెంజ్ పడితే ఆ డ్రైవరు ఆగనూ లేడు, రెడ్ పడకుండా దాటనూ లేడు. తప్పు చేయకుండా బయటపడే దారే అతనికి లేదు.

ఈ సంగతిని 1960లోనే అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో పనిచేసిన డెనోస్ గాజిస్, రాబర్ట్ హెర్మన్, అలెక్సీ మారదూదిన్ లెక్క కట్టి చూపించారు. ఇంజనీర్లు ఈ ముక్కని డైలమా జోన్ అంటారు. హెర్మన్ గురించి ఇంకో మాట. విశ్వం పుట్టుక నాటి వేడి ఇంకా మిగిలి ఉండాలని 1948లో రాల్ఫ్ ఆల్ఫర్‌తో కలిసి లెక్కగట్టి చెప్పినవాడు ఈయనే. అంతటి మనిషి ఆరెంజ్ లైటు గురించి కూర్చుని ఆలోచించాడంటే నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది.

అసలు ఆరెంజ్ పుట్టిందే ఈ ఇబ్బందికి. 1914లో క్లీవ్‌లాండ్‌లో పెట్టిన కరెంటు సిగ్నల్‌కి ఎరుపు, పచ్చ రెండే ఉండేవి. మారబోతోందని చెప్పడానికి బజర్ మోగించేవారు. 1920లో డెట్రాయిట్ పోలీసు విలియం పాట్స్ మధ్యలో మూడో దీపం చేర్చాడు.

స్తంభాల మధ్య సుద్దముక్కతో, స్టాప్ లైను నుంచి 33, 42 మీటర్ల దగ్గర గీతలు గీసి వచ్చాం. సరిగ్గా ఆ తొమ్మిది మీటర్లలోనే కీచుచప్పుడు వస్తుందా అన్నది రేపటి నుంచి చూడాలి.

నవంబరు 13, గురువారం

వస్తోంది. ప్రతిసారీ కాదు గానీ ఎక్కువసార్లు అక్కడే.

లెక్కలో 1 సెకను అని పెట్టుకున్నాం కదా, అది మన మనుషులకి సరిపోతుందా అని ఒక పరికరం చేశాం. పాత స్కూటీ బ్రేకు లివరు ఒకటి మెకానిక్ దగ్గర తెచ్చి, దాని వెనక మైక్రోస్విచ్ అతికించాం. ఆర్డునో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు మూడు నుంచి తొమ్మిది సెకన్లలో ఎప్పుడో ఒకప్పుడు ఆరెంజ్ ఎల్‌ఈడీ వెలిగిస్తుంది. లివరు నొక్కేదాకా మిల్లీసెకన్లు లెక్కపెట్టి తెర మీద చూపిస్తుంది. చెక్క ముక్కకి బిగించి కింద ఆటో స్టాండులో పెట్టాం.

మొదట అందరికీ 0.3, 0.4 వచ్చింది. "చూశారా, మన రియాక్షన్ ఎలా ఉందో" అని ఒకళ్లనొకళ్లు ఎగదోసుకున్నారు. కానీ అది దీపం వైపే కళ్లప్పగించి, వేలు లివరు మీదే పెట్టుకుని కూర్చుంటే వచ్చిన అంకె. బండి నడిపేటప్పుడు ఎవరూ అలా ఉండరు. అందుకని రెండో విడత మావాడు వాళ్లని మాటల్లో పెట్టాడు. గ్యాసు ధర, ఫైనాన్స్ వాయిదా, పిల్లల ఫీజులు. ఇరవయ్యేళ్లుగా ఆటో నడుపుతున్న బాబాయ్‌కి మొదటి విడతలో 0.36 వచ్చింది. కూతురి ఇంటర్ ఫీజు గురించి చెబుతుండగా 1.2 వచ్చింది. ఇంకొకసారి దీపం వెలిగి 2 సెకన్లు దాటినా చూడనే లేదు. తెర మీద అంకె చూసి లివరు వదిలేసి, "అంటే ఈ రెండు సెకన్లూ నా బండి అలాగే ముందుకి పోతోందన్నమాట" అన్నాడు. ఆ తర్వాత కాసేపు స్టాండులో ఎవరూ మాట్లాడలేదు.

అక్కడే ఇంకో డ్రైవరు నన్ను పక్కకి పిలిచి, తనకి ఎరుపు, పచ్చ సరిగ్గా తేడా తెలియవని చెప్పాడు. "పై దీపమా, కింద దీపమా అని చూసి నడుపుతానండీ" అన్నాడు. నిలువు స్తంభంలో రెడ్ ఎప్పుడూ పైనే ఉండటం ఇలాంటివారికి ఎంత ఆసరానో అప్పుడు అర్థమైంది. పచ్చ దీపంలో కొంచెం నీలం కలిసి ఉండేదీ వాళ్ల కోసమే. రంగులు కొద్దిగా, ఓ మాదిరిగా తేడా తెలియనివారికి కూడా లైసెన్సు ఇవ్వొచ్చని 2020లో కేంద్రం నిబంధన మార్చింది. ఆ మాట చెబితే అతని ముఖం తేలికపడింది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోలేదట.

నవంబరు 16, ఆదివారం

మోడల్ పని. థర్మాకోల్ షీటు మీద నాలుగు రోడ్లు, పన్నెండు ఎల్‌ఈడీలు, ఒక్కోదానికి 220 ఓమ్స్ రెసిస్టర్.

మావాడు రాసిన మొదటి ప్రోగ్రాం అంతా డిలేల మీద నడిచింది. గ్రీన్ వెలిగించు, 30 సెకన్లు ఆగు, ఆరెంజ్ వెలిగించు, 3 సెకన్లు ఆగు. అలా ఆగి ఉన్నంతసేపూ బోర్డు ఇంకేదీ వినిపించుకోదు. రోడ్డు దాటేవాళ్ల బటన్ నొక్కినా పట్టించుకోలేదు. గడియారం చూసుకుంటూ పనిచేసేలా, మిల్లీసెకన్లు చెప్పే మిల్లిస్ అనే ఫంక్షన్‌తో మొత్తం తిరగరాశాం.

మధ్యాహ్నం ఒక చిన్న సంఘటన. జంపర్ వైరు ఒకటి వదులై పక్కదానికి తగిలి, ఎదురెదురు కాదు, అడ్డంగా ఉన్న రెండు రోడ్లకీ ఒకేసారి పచ్చ వెలిగింది. ప్రోగ్రాంలో ఏ తప్పూ లేదు. అది ఒక రోడ్డుకే ఇచ్చాననుకుంటోంది. మావాడు వైరు సర్దబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. నిజం కూడలిలో ఇలా అయితే ఏమవుతుందో కాసేపు ఊహించమన్నాను. అసలు కంట్రోలర్లలో దీనికోసమే ఒక కాపలా సర్క్యూట్ ఉంటుంది. ఏ దీపానికి నిజంగా వోల్టేజి వెళ్తోందో అది విడిగా చూసుకుంటుంది. కలిసి రాకూడని రెండు పచ్చలు కలిస్తే వెంటనే అన్నీ ఆపి, ఆరెంజ్‌ని మినుకుమినుకుమనిపిస్తుంది. మా మోడల్‌కీ అలాంటిది ఉండాల్సిందేనని రాత్రి పదింటిదాకా కూర్చుని, ఇంకో చిన్న బోర్డుతో కట్టాం. ఇప్పుడు కావాలని వైర్లు కలిపినా మోడల్ లొంగదు.

నవంబరు 22, శనివారం

మాకు కలిసొచ్చిన వారం ఇది. ఉత్తరం వైపు టైమర్ ప్యానెల్ మూడు రోజులుగా పూర్తిగా ఆరిపోయింది. అంతకు ముందు కొన్నాళ్లుగా దానిలో ఒకట్ల స్థానంలో కుడి పై గీత వెలగడం లేదు. ఏడు గీతల అంకెలో ఆ ఒక్క గీత పోతే 8 కాస్తా 6లా, 9 కాస్తా 5లా కనబడుతుంది. 19 సెకన్లున్నప్పుడు 15 అని, 18 ఉన్నప్పుడు 16 అని చూపించేది. ఇప్పుడు అసలేమీ లేదు, దీపాలు మాత్రం మామూలుగా పనిచేస్తున్నాయి. టైమర్ ఉంటే మనిషి ఎలా ఉంటాడు, లేకపోతే ఎలా ఉంటాడు అన్నది కొలవడానికి ఇంతకన్నా మంచి అవకాశం రాదు.

పాత వీడియోల్లోంచి 40 రెడ్‌లు, ఇప్పటివి 40 రెడ్‌లు తీసుకున్నాం. టైమర్ ఉన్నప్పుడు 40లో 31 సార్లు గ్రీన్ పడకముందే మొదటి బైకు లైను దాటేసింది. టైమర్ లేనప్పుడు 9 సార్లు. ఫ్రేము ఫ్రేముగా చూస్తే ఇంకా స్పష్టంగా కనబడుతుంది. 5 దగ్గర సెల్ఫ్ కొడతారు. 4 దగ్గర స్టాండు మీదున్న కాలు పైకి వస్తుంది. 3 దగ్గర ముందు చక్రం జీబ్రా గీతల మీద ఉంటుంది. 2కి బయల్దేరిపోతారు. ఆ సమయంలో ఎవరూ దీపం వైపు చూడటం లేదు, అంకె వైపే చూస్తున్నారు. అటు పక్క రోడ్డులో సరిగ్గా అదే సమయానికి, ఆ తొమ్మిది మీటర్లలో ఇరుక్కున్న బస్సు లైను దాటుతోంది.

టైమర్‌ని పూర్తిగా తప్పు పట్టలేను. 90 అని కనబడితే చాలామంది ఇంజను ఆపేస్తున్నారు. అది లేని ఈ మూడు రోజుల్లో ఇంజన్లన్నీ మోగుతూనే ఉన్నాయి, హారన్లు కూడా పెరిగాయి. ఎంతసేపు ఆగాలో తెలిస్తే మనిషి నెమ్మదిస్తాడు, ఆఖరి అయిదు సెకన్లు తెలిస్తే మాత్రం ఆగలేడు.

నవంబరు 26, బుధవారం

మా మెట్ల దగ్గర పూలమ్మే మామ్మగారు రోజూ ఉదయం ఏడున్నరకి బుట్ట పట్టుకుని పెద్ద రోడ్డు దాటి వస్తారు. ఆవిడని అడిగి వీడియో తీశాం. రోడ్డు వెడల్పు 14 మీటర్లు. పుస్తకాల లెక్క ప్రకారం మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడు, అంటే 12 సెకన్లు చాలు. మామ్మగారికి 19 పట్టింది. మధ్యలో ఒకచోట ఆగారు. ఎడమకి తిరిగే బండ్లకి ఇక్కడ రెడ్ అంటూ లేదు, ఫ్రీ లెఫ్ట్. ఒక బైకు ఆవిడ బుట్టకి జానెడు దూరంలోంచి పోయింది. బుట్ట మీది తడిగుడ్డ సర్దుకుని మళ్లీ నడిచారు.

ఈ కూడలిలో నడిచేవాళ్లకని విడిగా ఒక్క సెకను కూడా లేదు. 19 అనే అంకెని మోడల్‌లో బటన్ నొక్కితే వచ్చే సమయంగా పెట్టేశాం.

నవంబరు 30, ఆదివారం

150 సెకన్ల చక్రం ఎక్కువా తక్కువా? ఇంగ్లండ్‌లో వెబ్‌స్టర్ అనే ఇంజనీరు 1958లో ఇచ్చిన సూత్రాన్ని ఇప్పటికీ వాడతారు. వంతు మారినప్పుడల్లా వృథాపోయే సెకన్లన్నీ కలిపి, ఒకటిన్నర రెట్లు చేసి, 5 కలపాలి. రోడ్ల సామర్థ్యంలో ఇంకా ఎంత వాటా మిగిలిందో దానితో భాగించాలి.

సామర్థ్యానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1985 నాటి మార్గదర్శకాల్లో మీటరు వెడల్పుకి గంటకి 525 కార్ల లెక్క ఉంది. ఒక వైపు రోడ్డు ఏడు మీటర్లకి 3675. బైకుల దగ్గర ఆగాం. వాహనాల్లో పదో వంతు దాటి బైకులుంటే ఒక్కోదాన్ని 0.75 కారుగా తీసుకోమని వాళ్లదే 1990 నాటి పట్టణ రోడ్ల లెక్క. కానీ సిగ్నల్ దగ్గర బైకులు సందుల్లోంచి ముందుకొచ్చి ఒక్క గుంపుగా దాటిపోతాయి. మా వీడియో చూస్తే 0.75 ఎక్కువనిపించి 0.5 వేశాం.

సాయంత్రం ఆరింటికి సామర్థ్యంలో 80 శాతం వాడకంలో ఉంది. వృథా 16 సెకన్లు. లెక్క కడితే 145 వచ్చింది. అంటే ఇప్పుడున్న 150 సరైనదే, ఎవరో జాగ్రత్తగానే పెట్టారు. మధ్యాహ్నం రెండింటికి వాడకం 40 శాతం. అప్పుడు వచ్చింది 48. కానీ సిగ్నల్‌కి సాయంత్రం ఒక్కటే తెలుసు, మధ్యాహ్నం ఎండలో కూడా 150 సెకన్లే తిరుగుతోంది. ఎదురుగా రోడ్డు ఖాళీగా కనబడుతుంటే రెండు నిమిషాలు నిలబడిన మనిషికి ఆ రెడ్ మీద నమ్మకం పోతుంది. మధ్యాహ్నం జంప్ చేసినవాళ్లలో ఎక్కువమంది రెడ్ పడిన వెంటనే కాదు, చాలాసేపు ఆగి ఆగి వెళ్లినవాళ్లే. చలానా భయం లేక కాదు. 2019 సవరణ తర్వాత సిగ్నల్ జంప్ ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందకే వస్తుందని, జరిమానా 1000 నుంచి 5000 దాకా ఉంటుందని ఆటో స్టాండులో అందరికీ తెలుసు.

డిసెంబరు 6, శనివారం

మా కాగితాలు చూసి ట్రాఫిక్ ఎస్సై గారు షాపుకి వచ్చారు. మోడల్ ముందు అరగంట కూర్చున్నారు. మేం అడిగింది రెండు: ఆరెంజ్ 4 సెకన్లు, ఆ తర్వాత నాలుగు వైపులా రెడ్ ఉండే 2 సెకన్లు. ఆయన ఒక మంచి ప్రశ్న వేశారు. "ఆరెంజ్ పెంచితే ఆ సెకను కూడా వాడేసుకుంటారు కదండీ?"

నిజమే, కొందరు వాడుకుంటారు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదని ఒప్పుకున్నాను. కానీ ఆగగలిగి కూడా దాటేవాడు వేరు, ఆగలేక దాటేవాడు వేరు. 33కీ 42కీ మధ్య గీసిన సుద్ద గీతలు చూపించాను. రెండోవాడికి ఇవ్వాల్సిన సెకనుని మొదటివాడి భయంతో ఆపకూడదు కదా సార్ అన్నాను. బస్సు లెక్క కూడా పెట్టాం: లైను నుంచి అవతలి అంచుకి 22 మీటర్లు, బస్సు పొడవు 11, మొత్తం 33 మీటర్లు దాటడానికి 3 సెకన్లు. రెడ్ పడే ముందు క్షణంలో లైను దాటిన బస్సు ఆ 3 సెకన్లూ కూడలిలోనే ఉంటుంది.

రెండు వారాలు పెట్టి చూద్దామన్నారు. సాయంత్రం కానిస్టేబుల్ గారు తాళం తీస్తే కంట్రోలర్ పెట్టె లోపల చూశాను. వరసగా రిలే కార్డులు, ఒక్కో రోడ్డుకి ఒక్కో టెర్మినల్ పట్టీ, కింద తుప్పు పట్టిన ఎర్తింగ్ బోల్టు. అంకెలు మార్చడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

డిసెంబరు 14, ఆదివారం

నాలుగు రోజుల వీడియోలు చూశాం. ఇంతకు ముందు 40 మార్పుల్లో 26 సార్లు, పక్కవాళ్లకి గ్రీన్ పడేసరికి ఇటువైపు బండి ఏదో ఒకటి ఇంకా కూడలిలోనే ఉండేది. ఇప్పుడు 7 సార్లు. కీచుచప్పుడు పూర్తిగా పోలేదు గానీ, పని మధ్యలో నేను తల ఎత్తడం తగ్గిందని మావాడే గమనించి చెప్పాడు.

అయితే ఉత్తరం వైపు టైమర్ మళ్లీ బాగుచేశారు. అన్ని వైపులా రెడ్ ఉండే ఆ 2 సెకన్లు కూడా దాని అంకెలో కలిసే వస్తున్నాయి. బైకులు ఎప్పటిలాగే 2 చూసి కదులుతున్నాయి. అంటే బస్సు కోసం అడిగి తెచ్చుకున్న ఆ రెండు సెకన్లలోకే వచ్చేస్తున్నాయి. మొన్న ఒక వీడియోలో బస్సు వెనక బంపరుకీ, బైకు ముందు చక్రానికీ మధ్య మూడు మీటర్లు కూడా లేదు. ఆ ఫ్రేముని ప్రింటు తీసి గోడకి అంటించాం.

ఆఖరి అయిదు అంకెలు చూపించకుండా టైమర్‌ని ఖాళీగా ఉంచమని అడిగాం. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి తాళంచెవి తీసుకుని వస్తామన్నారు. మధ్యాహ్నాలకి విడిగా చిన్న చక్రం, మామ్మగారి 19 సెకన్లు కూడా అదే కాగితంలో రాసి పెట్టాం. మావాడు 19ని తీసుకెళ్లి మొదటి వరసలో రాశాడు.